సాక్ష్యం స్వతంత్ర ప్రమాణమా? – హ్యూమ్‌కు క్యాంప్‌బెల్ సమాధానం

డేవిడ్ హ్యూమ్ 1748లో వెలువరించిన గ్రంథంలో అద్భుతాలను గురించిన పదవ ప్రకరణం క్రైస్తవ విశ్వాస సమర్థకులను దీర్ఘకాలం కలవరపెట్టింది. అతని వాదం క్లుప్తమైనది. ఒకరి మాటను నమ్మడానికి ఆధారం అనుభవమే. ప్రకృతి నియమాలకు ఆధారమూ అనుభవమే. కనుక ఆ నియమాల ఉల్లంఘన జరిగిందనే సాక్ష్యానికి ఎదురుగా ఏకరూపమైన మానవానుభవం నిలుస్తుంది. ఆ సాక్ష్యం అబద్ధం కావడం అద్భుతం కంటే అసంభవమైతే తప్ప వివేకి దానిని అంగీకరించరాదు.

దీనిపై వచ్చిన ఖండనల్లో, అబర్డీన్‌లోని మారిషల్ కళాశాల ప్రధానాచార్యుడు, మతాచార్యుడు అయిన జార్జ్ క్యాంప్‌బెల్ 1762లో ప్రచురించినది విశిష్టమైనది. అతడు బైబిలు ప్రామాణ్యంతో మొదలుపెట్టక హ్యూమ్ పునాదినే ప్రశ్నించాడు. శిశువు ముందుగా విన్నదంతా నమ్ముతుంది. మనుషులు అబద్ధమాడతారని తరువాత అనుభవం నేర్పుతుంది. అంటే సాక్ష్యంపై నమ్మకం అనుభవజన్యం కాదు. అనుభవం దానికి హద్దులు మాత్రమే గీస్తుంది. అతని సహచరుడు థామస్ రీడ్ 1764లో ఇటువంటి సూత్రాన్నే ప్రతిపాదించాడు. రేవు పడవ ఎన్నోమార్లు క్షేమంగా దాటడం చూసినవాడైనా, అది మునిగిందని ఒక అపరిచితుడు గంభీరంగా చెబితే నమ్ముతాడన్నది క్యాంప్‌బెల్ ఉదాహరణ. పడవ మునక అరుదే గాని ప్రకృతివిరుద్ధం కాదు. ఈ ఉదాహరణ హ్యూమ్‌ను పూర్తిగా తాకదనే చెప్పాలి.

మన తర్కశాస్త్రం చదివినవారికి ఈ వివాదం కొత్త కాదు. శబ్దాన్ని అనుమానంలో అంతర్భవింపజేసిన వైశేషికుల పక్షాన హ్యూమ్, దానిని స్వతంత్ర ప్రమాణంగా నిలిపిన నైయాయికుల పక్షాన క్యాంప్‌బెల్ కనిపిస్తారు. పోలిక అంతవరకే. నైయాయికునికి వక్త ఆప్తుడై ఉండాలి. క్యాంప్‌బెల్ చెప్పిన శిశువు ఆ విచారణ చేయదు.

అసలు చిక్కు గ్రంథం రెండవ భాగంలో ఉంది. పారిస్‌లో ఒక జాన్సెనిస్టు సాధువు సమాధి వద్ద జరిగాయన్న స్వస్థతలకు ఎందరో సాక్షులున్నారని హ్యూమ్ గుర్తుచేశాడు. ప్రొటెస్టెంటు అయిన క్యాంప్‌బెల్ వాటిని ఒప్పుకోలేడు. కనుక వాటిలో సహజ కారణాలను, మోసాలను వెదకి తోసిపుచ్చాడు. సంశయవాదిని ఎదిరించడానికి పూనుకున్నవాడు అక్కడ సంశయవాది పనిముట్లనే చేతబట్టవలసి వచ్చింది. సువార్తల్లోని అద్భుతాలు అదే పరీక్షకు నిలుస్తాయని అతని దృఢవిశ్వాసం.

1762లోనే హ్యూమ్ క్యాంప్‌బెల్‌కు ఒక లేఖ రాశాడు. ఫ్రాన్స్‌లోని లా ఫ్లెష్‌లో ఒక జెసూట్ తమ మఠంలో జరిగిన అద్భుతాన్ని వర్ణిస్తుండగా ఈ వాదం తనకు స్ఫురించిందట. ఇది సువార్తలకూ వర్తిస్తుంది గనుక సరైనది కాజాలదని ఆ జెసూట్ అన్నాడు. అది తగిన సమాధానమేనని ఒప్పుకొన్నట్లు హ్యూమ్ రాశాడు, వ్యంగ్యాన్ని పెద్దగా దాచకుండానే.