యూట్యూబ్ లైవ్‌లో నిజం చెప్పించిన మాజీ జనరల్.. ఎవరీ కిమ్ బ్యుంగ్-జూ?

దక్షిణ కొరియా ఆర్మీలో ఫోర్ స్టార్ జనరల్. అమెరికా-కొరియా ఉమ్మడి దళాల డిప్యూటీ కమాండర్‌గా చేసి 2019లో రిటైరయ్యారు. మరుసటి ఏడాదే పార్లమెంటుకు వెళ్లారు.

అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా పెట్టొచ్చని 2024లో ముందే హెచ్చరించిన ప్రతిపక్ష ఎంపీల్లో ఈయన ఒకరు. ప్రభుత్వం కొట్టిపారేసింది. డిసెంబర్ 3 రాత్రి అదే జరిగింది! సైనికులు పార్లమెంటులోకి చొరబడ్డారు. అయినా 190 మంది ఎంపీలు లోపలికి చేరి, దాన్ని రద్దు చేయాలని ఓటేశారు.

అసలు ట్విస్ట్ డిసెంబర్ 6న. కిమ్ నేరుగా ప్రత్యేక దళాల కమాండర్ క్వాక్ జోంగ్-గున్ దగ్గరికెళ్లి, తన యూట్యూబ్ ఛానెల్‌లో లైవ్ పెట్టేశారు. కోర్టు కాదు, కమిటీ కాదు.. లైవ్! ఎంపీలను బయటకు లాగేయమని రక్షణ మంత్రి ఆదేశించారని, అది చట్టవిరుద్ధం కాబట్టి తాను పాటించలేదని క్వాక్ చెప్పారు. ఒకప్పుడు యూనిఫాం వేసుకున్న మనిషి కాకపోతే అంత సులువుగా నోరు విప్పేవారా?

తర్వాత క్వాక్ రాజ్యాంగ కోర్టులోనూ సాక్ష్యమిచ్చారు. 2025 ఏప్రిల్ 4న యూన్ పదవి ఊడింది.