విద్యుత్తు రాకపోకలు - ఇంటి కంప్యూటరు

వేసవి సాయంకాలమున గాలి లేచి, దుమ్ము రేగి, ఆకాశము ఉరుమును. ఇంటిలోని దీపములు ఒక్కసారిగా ఆరిపోవును. ఫ్యాను కొంతసేపు తిరిగి తిరిగి ఆగును. బల్లమీది కంప్యూటరుకు ఆ వ్యవధి లేదు. దాని తెర తక్షణమే నల్లబడును. పది నిమిషములకు కరెంటు వచ్చును, వెంటనే పోవును, మరల వచ్చును. ఇంటిలోనివారు ‘అమ్మయ్య’ అనుకొందురు.

కాని కంప్యూటరుకు ఎక్కువ అపాయకరమైనది ఈ రెండవ ఘట్టమే. కరెంటు పోవుటవలన సామాన్యముగా నష్టమగునది అందులోని సమాచారము. కరెంటు హెచ్చు వోల్టేజితో వచ్చుటవలన నష్టమగునది యంత్రము. ఈ రెండింటికి కారణములు వేరు, నివారణలు కూడ వేరు. ఈ భేదము తెలియనిచో ఒక రోగమునకు వేయవలసిన మందు మరొకదానికి వేసినట్లగును.

పోయిన క్షణమున

గోడలోని ప్లగ్గునుండి వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 ఆవృత్తులు చేయును; అనగా ఒక ఆవృత్తికి పట్టు కాలము 20 మిల్లీసెకన్లు. కంప్యూటరు లోపలి భాగములకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు చేయునది ‘పవర్ సప్లై’ అను పెట్టె. అది వచ్చిన విద్యుత్తును మొదట ఏకముఖముగా మార్చి, సుమారు 325 వోల్టుల వద్ద ఒక కెపాసిటరులో నిలువచేయును. కొళాయి నీటిని తొట్టిలో నింపి వాడుకొనుట వంటిదే ఇది.

ఈ తొట్టిలో ఎంత నిలువ యుండును? కెపాసిటరు 330 మైక్రోఫారడులది అనుకొందుము. ½CV² సూత్రము ప్రకారము అందులోని శక్తి సుమారు 17.4 జౌళ్లు. వోల్టేజి 230కి తగ్గువరకే ఆ పెట్టె పనిచేయగలదనుకొన్నచో, అందులో వాడుకకు వచ్చునది సుమారు 8.7 జౌళ్లు మాత్రమే. కంప్యూటరు 200 వాట్లు తీసికొనుచున్నచో ఇది 43 మిల్లీసెకన్లకు చాలును. మార్పిడిలో కలుగు నష్టమును తీసివేసినచో దాదాపు 35 మిల్లీసెకన్లు మిగులును. ఇది రెప్పపాటులో సగము కూడ కాదు. భారము రెట్టింపైనచో ఈ కాలమును సగమగును. దీపము ఒక్కసారి మిణుకుమన్నను కంప్యూటరు ఆగకుండుటకు కారణము ఈ చిన్న నిలువయే. అది తీరిపోయినచో యంత్రము ఆగక తప్పదు.

చిట్టా, ఆవర్జా

అప్పుడు మొదట పోవునది ర్యాము అను తాత్కాలిక జ్ఞాపకశక్తి. ఇందులో ప్రతి అంశము అతి సూక్ష్మమైన కెపాసిటరులో విద్యుదావేశ రూపమున ఉండును. ఆ ఆవేశము కారిపోవుచుండుటచే సుమారు 64 మిల్లీసెకన్లకొకసారి దానిని తిరిగి నింపుచుండవలెను. నింపు విద్యుత్తు లేనిచో వ్రాసినది చెరిగిపోవును. విద్యార్థి రెండు గంటలు టైపు చేసి ‘సేవ్’ చేయని వ్యాసము ఈ విధముగా మాయమగును.

హార్డుడిస్కు లోని వ్రాత అయస్కాంత రూపమున ఉండుటచే కరెంటు పోయినను నిలుచును. కాని సగము వ్రాయుచుండగా పోయినచో చిక్కు కలుగును. ఒక ఫైలును భద్రపరచుటకు దాని పేరును ఒకచోట, అది ఆక్రమించు స్థలముల పట్టికను మరొకచోట, అసలు విషయమును వేరొకచోట వ్రాయవలెను. ఒకటి వ్రాసి మరొకటి వ్రాయనిచో లెక్క కుదరదు.

దీనికి వ్యాపారస్థుల పద్ధతియే ఉపాయమైనది. షావుకారు ముందుగా చిట్టాలో వ్రాసికొని, పిదప ఆవర్జాకు ఎక్కించును. మధ్యలో దీపము ఆరినను చిట్టా చూచి ఆవర్జాను సరిచేసికొనవచ్చును. నేటి ఆపరేటింగు సిస్టములు కూడ చేయబోవు మార్పును ముందు చిట్టా వంటి ‘జర్నల్’లో వ్రాసికొనును. కరెంటు వచ్చిన పిమ్మట దానిని చదివి పట్టికలను చక్కదిద్దును. అయితే ఇది కాపాడునది పట్టికల పొందికనే. సగము వ్రాసిన వ్యాసమును అది పూర్తి చేయజాలదు.

వచ్చిన క్షణమున

గాలివానకు కొమ్మ విరిగిపడి తీగ తెగినదనుకొందుము. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు నుండి ఇండ్లకు మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రలు తీగ వచ్చును. ఫేజుకు న్యూట్రలుకు మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉండును. తెగినది న్యూట్రలు అయినప్పుడు లైనుకు తిరిగి విద్యుత్తు ఇచ్చినచో, వేరువేరు ఫేజులపై నున్న ఇండ్లు ఒకదానితో నొకటి శ్రేణిలో కలిసిపోవును.

మూడవ ఫేజును విడిచి, రెండిండ్లను లెక్కింపుడు. ఒక ఇంటిలో 100 వాట్ల భారము, అనగా 529 ఓముల నిరోధము. మరొక ఇంటిలో 1000 వాట్ల భారము, అనగా 52.9 ఓములు. 400 వోల్టులు ఈ నిరోధముల నిష్పత్తిలో పంచుకొనబడును. తక్కువ భారము గల ఇంటికి దాదాపు 364 వోల్టులు, రెండవదానికి 36 వోల్టులు వచ్చును! మొదటి ఇంటి కంప్యూటరులోని కెపాసిటరుపై 500 వోల్టులకు మించి పడును. సామాన్యముగా అది తట్టుకొనునది 400 లేక 450 వోల్టులే కనుక ఉబ్బి పగులును. కొన్ని దీపములు మిక్కిలి కాంతితోను, పొరుగున దీపములు మసకగాను వెలుగుట దీనికి గుర్తు. అది కనబడినచో వెంటనే మెయిను స్విచ్చి కట్టివేయవలెను.

పాఠశాలలో దీనిని నిరపాయముగా చూపవచ్చును. మోటారు సైకిలుకు వాడు 12 వోల్టుల దీపములు రెండు, ఒకటి 5 వాట్లది, మరొకటి 21 వాట్లది, శ్రేణిలో కలిపి 12 వోల్టుల బ్యాటరీకి తగిలింపుడు. చిన్నది వెలుగును, పెద్దది దాదాపు వెలుగనే వెలుగదు.

పిడుగు తెచ్చు ఉప్పెన వేరొక రకము. పిడుగు ఇంటిపై పడనక్కరలేదు. తీగలకు సమీపమున పడినను వాటిలో వేల వోల్టులు ప్రేరితములగును. అది మైక్రోసెకన్ల పని. దీనిని అడ్డుటకు ‘సర్జ్ ప్రొటెక్టరు’లో జింకు ఆక్సైడు బిళ్ల ఒకటి ఉండును. మామూలు వోల్టేజి వద్ద అది విద్యుత్తును దాదాపు పోనీయదు; హద్దు మీరగానే వాహకమై, హెచ్చు ప్రవాహమును ప్రక్కకు, ముఖ్యముగా భూమిలోనికి, మళ్లించును. ఎర్తు లేని ఇంటిలో ఆ దారి మూసికొనిపోవును. కంప్యూటరు పెట్టెను తాకినప్పుడు ‘జివ్వు’ మనుట చాలవరకు ఎర్తు లేదనుటకు సూచన. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్నును తీసివేయుట ప్రాణములకే అపాయము.

ఏ రోగమునకు ఏ మందు

యు.పి.ఎస్. కరెంటు పోకకు మందు. ఇండ్లలో వాడు రకము సుమారు 10 మిల్లీసెకన్లలోపుగా బ్యాటరీపైకి మారును. తొట్టిలోని నిలువ అంతకంటె ఎక్కువ కాలము వచ్చును గనుకనే కంప్యూటరు ఆగదు. అయితే ఆ బ్యాటరీ ఉన్నది పని సాగించుటకు కాదు, భద్రపరచి క్రమముగా ఆపుటకు. స్టెబిలైజరు నెమ్మదిగా హెచ్చుతగ్గులగు వోల్టేజికి మందు. పిడుగు వేగమును అది అందుకొనలేదు. జింకు ఆక్సైడు బిళ్ల క్షణికమైన ఉప్పెనకు మందు. న్యూట్రలు తెగినప్పటి దీర్ఘమైన హెచ్చు వోల్టేజికి అది తానే కాలిపోవును. ప్రతి దెబ్బకు కొంత అరుగును గనుక అది శాశ్వతము కాదు. ల్యాప్‌టాపునకు సొంత బ్యాటరీ ఉన్నను, ప్లగ్గులో నున్నంతవరకు ఉప్పెన భయము తప్పదు.

అన్నిటికంటె చౌకయైన మందు ఒకటి గలదు. ఉరుములు వినబడగానే వ్రాసినది సేవ్ చేసి, కంప్యూటరును క్రమముగా ఆపి, ప్లగ్గును, దానితోపాటు ఇంటర్నెట్టు రాగితీగను ఊడదీయవలెను. కరెంటు వచ్చిన తరువాత కొన్ని నిమిషములు నిలకడగా నున్నదని చూచి, అప్పుడే తగిలింపవలెను. ముఖ్యమైన ఫైళ్లకు మరొకచోట ప్రతి ఉంచవలెను. కాలిన పవర్ సప్లైని అంగడిలో కొనవచ్చును. చెరిగిన వ్రాతను కొనుటకు ఏ అంగడియు లేదు.