శోధనలో లేఖన జ్ఞానము: మత్తయి 4:1-11 పై ఒక పరిశీలన

సంఘ పరిచర్యలో పాస్టర్లను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “అయ్యగారూ, ఏ వచనము చదివితే ఈ ఆలోచన నన్ను వదిలిపోతుంది?” అడిగేవారిలో యువకులు ఎక్కువ. ఫోనులో చూడకూడనివి చూడటం కావచ్చు, త్రాగుడు కావచ్చు, పందెములు కావచ్చు, సమస్య ఏదైనా ప్రశ్న మాత్రం అదే. ఆ ప్రశ్నలో నిజమైన ఆవేదన ఉన్నది గనుక దానిని చిన్నచూపు చూడరాదు. అయితే వచనము ఒక తాయెత్తు వంటిదనీ, సరియైనది దొరికితే చాలుననీ ఒక భావము కూడా ఆ ప్రశ్నలో దాగియున్నది. ప్రభువైన యేసు అరణ్యములో లేఖనమును వాడిన విధానము ఈ భావమును సమర్థిస్తుందా? ఈ వ్యాసములో పరిశీలించదలచినది ఇదే.

ముందుగా “శోధన” అనే మాటను గమనించాలి. గ్రీకు భాషలోని “పెయిరాజో” అనే క్రియకు పరీక్షించుట, పాపమునకు ప్రేరేపించుట అనే రెండు అర్థములూ ఉన్నవి. ఏ అర్థమో సందర్భమే నిర్ణయిస్తుంది. మన తెలుగు బైబిలులో అబ్రాహాము విషయములో (ఆది. 22:1) “పరిశోధించుట” అనే మాట వాడి అనువాదకులు కొంత తేడా చూపించారు గాని, చాలా చోట్ల “శోధన” అనే మాటే రెంటికీ సరిపెట్టుకొనవలసి వచ్చింది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయములో 2వ వచనము శోధనలను ఆనందముగా ఎంచుకొనమంటుంది, 13వ వచనము దేవుడు ఎవరినీ శోధింపడంటుంది. ఈ రెంటినీ కలిపి చదివిన విశ్వాసి తికమకపడటం సహజమే. మొదటిది విశ్వాసమునకు కలిగే పరీక్షను గూర్చినది. రెండవది దురాశ చేత ఈడ్వబడుటను గూర్చినది. మత్తయి 4:1లో ఈ రెండూ ఒకేచోట కలిసినవి. యేసును అరణ్యమునకు నడిపించినది ఆత్మ, అక్కడ శోధించినది అపవాది. సంఘటన ఒక్కటే గాని, దానిలో దేవుని ఉద్దేశము వేరు, సాతాను ఉద్దేశము వేరు.

ఇక ప్రభువు ఇచ్చిన మూడు జవాబులు. మూడూ ద్వితీయోపదేశకాండములోనివే (8:3, 6:16, 6:13). వందలాది పేజీల పాత నిబంధనలో రెండు మూడు పేజీల నిడివిలోనుండే మూడు జవాబులూ రావడం యాదృచ్ఛికము కాదు. ఇశ్రాయేలు అరణ్యములో గడిపిన నలువది సంవత్సరములను మోషే ఆ అధ్యాయములలో గుర్తుచేస్తున్నాడు. దేవుడు వారికి ఆకలి కలుగజేసి, వారెరుగని మన్నాతో పోషించాడు (8:3). మస్సాలో వారు నీళ్ల కొరకు మోషేతో వాదించి, యెహోవా తమ మధ్య ఉన్నాడా లేడా అని సందేహించారు (నిర్గమ. 17:1-7). మస్సా అనే పేరు కూడా “శోధించుట” అనే హెబ్రీ ధాతువు నుండి వచ్చినదే. తాము కట్టని పట్టణములు, త్రవ్వని బావులు, నాటని ద్రాక్షతోటలు దొరికినప్పుడు యెహోవాను మరువవద్దని ఆజ్ఞ పొందారు (6:10-13). ఆకలి, సందేహము, సమృద్ధి అనే ఈ మూడింటిలోనూ ఇశ్రాయేలు తప్పిపోయింది. యేసు నలువది దినములు అరణ్యములో ఉండి, ఇశ్రాయేలు ఓడిపోయిన చోటనే నిలబడ్డాడు. కాబట్టి ఆయన ఎత్తి చెప్పినవి విడి వచనములు కావు. ఒక చరిత్ర మొత్తము ఆయన మనస్సులో ఉన్నది. ఆ చరిత్రలో తన స్థానమేమిటో ఎరిగియున్నాడు గనుక రాళ్లను రొట్టెలు చేయుమన్న మాటలోని ఉచ్చును గుర్తించగలిగాడు. నిజానికి రొట్టె తినుట పాపము కాదు. తండ్రి ఆకలిగొననిచ్చిన చోట, తండ్రిని ప్రక్కన పెట్టి తన అధికారముతో తన కడుపు నింపుకొనుటే అక్కడి శోధన.

రెండవ శోధనలో అపవాది కూడా లేఖనమునే ఎత్తాడు. కీర్తన 91:11-12. ఈ కీర్తన మన తెలుగు క్రైస్తవ గృహములలో ఎంత ప్రియమైనదో చెప్పనవసరము లేదు. ప్రయాణమునకు ముందు, రోగి మంచము దగ్గర, క్రొత్త ఇంటి ప్రార్థనలో చదువుతాము. యేసు కాలపు యూదులకు కూడా ఇది అటువంటిదే. మృత సముద్ర తీరమున కుమ్రాను పదకొండవ గుహలో 1956లో దొరికిన చుట్టలలో ఒకటి దయ్యములను పారద్రోలుటకు ఉద్దేశించిన కీర్తనల సంపుటి. పండితులు దానిని 11క్యూ11 అని పిలుస్తారు. దానిలో ఈ 91వ కీర్తన కూడా ఉన్నది. అంటే దయ్యములను వెళ్లగొట్టుటకు జనులు వాడుకొన్న కీర్తననే అపవాది నోట పలికాడు! వచనమును తాయెత్తుగా భావించేవారు ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించాలి.

అతడు ఎలా పలికాడో కూడా చూడండి. మార్గములన్నిటిలో కాపాడుటను గూర్చిన మాటలు మత్తయిలో లేవు. లూకాలో కాపాడుట ఉన్నది గాని మార్గముల ప్రస్తావన లేదు. సర్పమును త్రొక్కుటను గూర్చిన 13వ వచనము దాకా అతడు వెళ్లనే లేదు. వెళ్లకపోవడానికి కారణము ఊహించడం కష్టము కాదు. ఇంతకంటె ముఖ్యమైనది ప్రభువు జవాబు. ఆయన కీర్తనను త్రోసిపుచ్చలేదు, అది నాకు వర్తించదనలేదు. మరియొక లేఖనమును దాని ప్రక్కన ఉంచి, దాని వెలుగులో కీర్తనను చదివాడు. దేవుని కాపుదలను నమ్ముట వేరు, ఆ కాపుదలను ఋజువు చేయుమని దేవుని బలవంతపెట్టుట వేరు. చివరకు 11వ వచనములో దేవదూతలు రానే వచ్చారు. దూకకుండానే వచ్చారు.

నూతన సంవత్సర ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకొనే అలవాటు మన సంఘములలో ఉన్నది. దానిని నేను కొట్టివేయడం లేదు, ఆ కార్డు పట్టుకొని సంవత్సరమంతా ప్రార్థించిన తల్లులను ఎరుగుదును. కాని ద్వితీ. 6:16 వ్రాసిన కార్డును మాత్రము ఇంతవరకు నేను చూడలేదు. వాగ్దానములు మాత్రమే కంఠస్థము చేసిన విశ్వాసికి 91వ కీర్తన తెలుసు. దాని ప్రక్కన ఉంచవలసిన వచనము తెలియదు. అపవాది ఆ విశ్వాసిని దేవాలయ శిఖరము మీద నిలబెట్టినప్పుడు ఏమి జరుగుతుంది? అప్పు చేసి దేవుడు తీర్చుతాడని చెప్పేవారు, మందులు మాని విశ్వాసమును నిరూపించమనేవారు మన మధ్యకు వస్తూనే ఉన్నారు. వారి నోటను కూడా వచనములే ఉంటాయి.

అయితే లేఖన జ్ఞానము ఎక్కువైతే చాలునా? ఇక్కడ ఇద్దరిని ప్రక్కప్రక్కన ఉంచి చూడవచ్చు. యోసేపు దినములలో ధర్మశాస్త్రము ఇంకా ఇయ్యబడలేదు. పోతీఫరు ఇంటిలో అతని చేతిలో ఒక్క గ్రంథపు చుట్ట కూడా లేదు. అయినా ఆ పాపము దేవునికి విరోధమైనదని ఎరిగి పారిపోయాడు (ఆది. 39:9-12). సొలొమోను సంగతి వేరు. రాజైనవాడు ధర్మశాస్త్రపు ప్రతిని వ్రాసికొని, బ్రదుకు దినములన్నిటను చదువవలెనని, గుఱ్ఱములను, భార్యలను, వెండి బంగారములను విస్తరింపజేసికొనరాదని ద్వితీ. 17:16-19 ఆజ్ఞాపించింది. 1 రాజులు 10, 11 అధ్యాయములు చదివితే ఆ మూడింటినీ అతడు విస్తరింపజేసికొన్నట్టు కనబడుతుంది. జ్ఞానములో అతనికి సాటి లేడు. హృదయము మాత్రము దేవుని నుండి తొలగిపోయింది. వేదాంత కళాశాలలో చదువుకొన్న మనకు యోసేపు కంటె సొలొమోనే దగ్గరివాడని నాకనిపిస్తుంది. ప్రసంగము కొరకు వాక్యమును తెరచుటకు అలవాటుపడినవారు తమ కొరకు దానిని తెరచుట మరచిపోవుట చాలా సులువు.

నాలుగవ శతాబ్దములో ఐగుప్తు అరణ్యములో జీవించి 399లో మరణించిన ఎవాగ్రియసు అనే సన్యాసి “ఎదురు పలుకుట” అనే అర్థమిచ్చే పేరుతో ఒక గ్రంథము వ్రాశాడు. తిండిపోతుతనము మొదలుకొని గర్వము వరకు ఎనిమిది దురాలోచనలకు ఎనిమిది భాగములు, వాటిలో సుమారు 500 వచనములు. గ్రీకు మూలము నశించినా సిరియ, అర్మేనియ భాషలలో అది నిలిచింది. పైపైన చూస్తే మన యువకుడు అడిగిన జాబితా ఇదేననిపిస్తుంది. కాని అది రాత్రింబగళ్లు కీర్తనలతో ప్రార్థిస్తూ గడిపినవారి మధ్య పుట్టినది. ఆ జీవితము లేకుండా జాబితాను మాత్రము చేతికిస్తే ఎంత ఉపకారమో సందేహమే.

1 కొరింథీ. 10:13ను కూడా ఇలాగే చూడాలి. తప్పించుకొను మార్గమును గూర్చిన ఆ వచనము మనకందరికీ కంఠతా వచ్చును. దానికి ముందు పండ్రెండు వచనములలో పౌలు ఇశ్రాయేలు అరణ్య చరిత్రనే చెప్పాడు. తరువాతి వచనములో విగ్రహారాధనకు దూరముగా పారిపొండని ఆజ్ఞ ఉన్నది. తప్పించుకొను మార్గమంటే చాలాసార్లు కాళ్లతో నడిచే మార్గమే. పైన చెప్పిన యువకుడికి నేను ముందుగా చెప్పేది, రాత్రి పడకగదిలోనికి ఫోను తీసికొనిపోవద్దని, నమ్మకమైన ఒక్క పెద్దతోనైనా విషయము విప్పి చెప్పమని. ఆ తరువాత ద్వితీయోపదేశకాండము 6 నుండి 8 అధ్యాయములను నెల దినములు రోజూ చదువమంటాను. వచనము అడిగితే అధ్యాయములు ఇచ్చానని కొందరు నిరుత్సాహపడతారు. చదివినవారు తిరిగివచ్చి వేరే ప్రశ్నలు అడుగుతారు.

శోధకుడు కొంతకాలము ఆయనను విడిచిపోయెనని లూకా 4:13 చెప్పుచున్నది. మత్తయిలో అతని మాట మరల వినిపించేది సిలువ దగ్గర. నీవు దేవుని కుమారుడవైతే అనే అదే షరతును ఆ మార్గమున వెళ్లువారు పలికారు (27:40). అరణ్యములో వలె ఈసారి యేసు వచనముతో జవాబియ్యలేదు, వారితో ఏమియు పలుకలేదు. తరువాత ఆయన నోట వెలువడినది 22వ కీర్తన మొదటి మాట (27:46). దానిని ఆయన తండ్రితో పలికాడు.