మీకు తెలుసా? ‘కంభం’ పొడవు 12!

కంభం చెరువు కింది రైతుల జాబితాను ‘ఆక్’ స్క్రిప్టుతో వరుసలుగా అచ్చు వేయబోతే ఊరిపేర్ల గడులు వంకర తిరగొచ్చు. తప్పు జాబితాది కాదు. 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ ఈ చిన్న భాషను రాసేనాటికి అక్షరమంటే ఒక బైటే. తెలుగులో ఒక్కో యూనికోడ్ సంకేతానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. కంటికి రెండక్షరాల ‘కంభం’లో క, సున్నా, భ, సున్నా అని నాలుగు సంకేతాలున్నాయి. అంటే 12 బైట్లు. ఉబుంటులో ఏళ్లుగా వస్తున్న ‘మాక్’ అనే ఆక్ రూపం ఈ బైట్లనే లెక్కపెడుతుంది. మొదటి అక్షరం కోసి ఇమ్మంటే ‘క’లో మూడోవంతు ముక్క చేతిలో పెడుతుంది, తెర మీద పిచ్చిగుర్తు!

‘గాక్’ అనే మరో ఆక్ రూపం పెట్టుకుని, లొకేల్ యూటీఎఫ్-8లో ఉందో లేదో చూసుకుంటే లెక్క 4కి దిగుతుంది. కంటికి కనిపించే 2 రావాలంటే పెర్ల్ భాషకు ఫైలు యూటీఎఫ్-8 అని ముందే చెప్పి, బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద ఎక్స్ వాడాలి. గిద్దలూరు, మార్కాపురం దగ్గర మాత్రం జాగ్రత్త: ద్ద, ర్కా లాంటివాటిని ఒక్కటిగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లోనే వచ్చింది. పాత పెర్ల్ వెర్షన్లు వాటిని రెండుగా విరుస్తాయి.

అన్నట్టు, కెర్నిహాన్ తన ఆక్‌కు యూనికోడ్ నేర్పింది 2022లో, ఎనభయ్యేళ్ల వయసులో.