సెలవు తెలుసు, సంగతి తెలియదు

మా యానాంలో నవంబరు 1, ఆగస్టు 16 సెలవులు. ఎందుకని అడిగితే తొమ్మిదో తరగతిలోనూ చేతులు లేవవు. స్వాతంత్ర్యం ఎప్పుడంటే అందరూ 1947 అంటారు. అప్పటికింకా యానాం ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. 1954 జూన్ 13న ఇక్కడ ఆ పాలన ముగిసింది. ఆ నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారత ప్రభుత్వానికి దక్కింది. చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది.

పిల్లలకు తెలివి లేక కాదు, చెప్పే తాతలు, అమ్మమ్మలు తగ్గిపోతున్నారు. అందుకే సెలవుకు ముందురోజు ప్రార్థన వేళ అయిదు నిమిషాలు ఆ కథను పిల్లలచేతే చెప్పిస్తున్నాం. ఇంటి పెద్దలను అడిగి రాసుకురమ్మంటున్నాం. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉండగా మనం పుదుచ్చేరిలో ఎందుకున్నామో తెలియకపోతే, ఎన్ని దేశాల రాజధానులు వల్లించినా అది అరకొర జ్ఞానమే.