వెనక చక్రం మీద ఆ ఖాళీ ఎందుకు?

ఖాళీగా ఆగి ఉన్న చిన్న కారును పక్క నుంచి చూడండి. చాలా కార్లలో వెనక టైరుకూ దాని పైన ఉన్న బాడీ వంపుకూ మధ్య అరచేయి సులువుగా దూరుతుంది. ముందు టైరు దగ్గర అంత ఖాళీ కనిపించదు. కొందరు యువకులకు ఇది నచ్చదు. వెనక భాగాన్ని కాస్త కిందికి దింపితే కారు నేలను పట్టుకుని ఉన్నట్టు కనిపిస్తుందని వాళ్ల కోరిక. దీన్నే లోయర్ చేయించడం అంటారు. చూపుకు బాగుండాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ ఖాళీని కంపెనీ ఎందుకు వదిలిందో ముందు తెలుసుకోవాలి.

మారుతి స్విఫ్ట్‌నే తీసుకుందాం. మన రోడ్ల మీదికి 2005లో వచ్చిన కారు ఇది. ఖాళీ బరువు సుమారు 900 కిలోలు. ఇంజను, గేరుబాక్సు రెండూ ముందే ఉంటాయి కాబట్టి ఇలాంటి కార్ల బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. అంటే ముందు 540 కిలోలు, వెనక 360 కిలోలు అనుకోవచ్చు. ఇప్పుడు 65 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కారు, డిక్కీలో 50 కిలోల సామాను పెట్టారు. ముందు కూర్చున్న ఇద్దరి బరువు రెండు వైపులకూ ఇంచుమించు సమానంగా పంచుకుంటుంది. వెనక కూర్చున్న ముగ్గురి బరువులో ఎక్కువ భాగం, సామాను మొత్తం వెనక చక్రాల మీద పడతాయి. లెక్క వేస్తే ముందు భారం 20 శాతం మాత్రమే పెరుగుతుంది. వెనక భారం ముప్పావు వంతు పెరుగుతుంది. 360 ఉన్నది 630 దాకా వెళ్తుంది.

ఇంత తేడాను తట్టుకోవలసింది వెనక సస్పెన్షన్. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎత్తుగా ఉంటేనే నిండుగా ఉన్నప్పుడు సమంగా నిలబడుతుంది. మనం చూసే ఖాళీ, వెనక సీట్లో కూర్చోబోయే మనుషుల కోసం ఉంచిన చోటు.

స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి కార్లలో వెనక వైపు ఉండేది టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలుపుతూ, అవసరమైనంత మెలితిరిగే ఇనుప దూలం). దాని మీద రెండు వైపులా కాయిల్ స్ప్రింగులు కూర్చుంటాయి. స్ప్రింగు బరువు మోస్తుంది. షాక్ అబ్జార్బర్ (స్ప్రింగు ఊగకుండా ఆపే, నూనె నింపిన గొట్టం) పక్కనే విడిగా ఉంటుంది. స్ప్రింగు మరీ అణిగిపోతే చివర్లో బంప్ స్టాప్ (ఇనుము ఇనుముకు కొట్టుకోకుండా అడ్డుపడే రబ్బరు ముక్క) తగులుతుంది. ముందు వైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే కూర్పుగా ఉంటాయి కాబట్టి విప్పడం కష్టం. వెనక అలా కాదు. జాకీ ఎత్తి, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పి దూలాన్ని కిందికి దింపితే స్ప్రింగు చేతికి వచ్చేస్తుంది. పని ఇంత సులువు కావడం వల్లే చాలామంది వెనక ఒక్కటే దింపించుకుంటారు.

దింపడానికి షెడ్లలో వాడుకలో ఉన్న చవక పద్ధతి, స్ప్రింగులో ఒక చుట్టు కోసేయడం. ఇందులో మూడు విషయాలు జరుగుతాయి.

స్ప్రింగు గట్టిపడుతుంది. పొడవాటి వెదురు బద్ద సులువుగా వంగుతుంది, దాన్నే పొట్టిగా నరికితే వంగడానికి మొరాయిస్తుంది. స్ప్రింగు తీగ కూడా అంతే. పనిచేసే చుట్లు ఆరు ఉన్నచోట అయిదే మిగిలితే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. దానికి సరిపడా పట్టు పాత షాక్ అబ్జార్బర్‌కు ఉండదు. గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది. రెండోది, స్ప్రింగు చివర దాని గిన్నెలో సరిగ్గా కూర్చునేలా మలిచి ఉంటుంది; కోసిన చివర అలా కూర్చోదు. మూడోది, చక్రం గాలిలో వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై, ఉండవలసిన చోటు నుంచి జరగవచ్చు. కోయడానికి బదులు స్ప్రింగును మంటతో కాల్చి కుదించే వాళ్లూ ఉన్నారు. ఇది ఇంకా ప్రమాదం. వేడికి ఉక్కు తన పదును కోల్పోతుంది, తర్వాత రోజురోజుకూ కుంగుతుంది, ఒకనాడు విరగవచ్చు.

ఒక చిన్న ఊహాలెక్క వేద్దాం. కారు ఖాళీగా ఉన్నప్పుడు బంప్ స్టాప్ తగలడానికి 100 మిల్లీమీటర్ల దూరం ఉందనుకోండి. రెండు స్ప్రింగులూ కలిసి 4 కిలోలకు ఒక మిల్లీమీటరు అణుగుతాయనుకోండి. అదనంగా 270 కిలోలు ఎక్కితే దాదాపు 67 మిల్లీమీటర్లు దిగుతుంది. గుంతల కోసం ఇంకా 33 మిగులుతుంది. ఇప్పుడు కారును 40 మిల్లీమీటర్లు దింపారు. మొదలే 60 మాత్రమే మిగిలింది. స్ప్రింగు 20 శాతం గట్టిపడినా అదే భారానికి 56 మిల్లీమీటర్లు దిగుతుంది. మిగిలింది నాలుగు. ఆ కారు ఇక స్ప్రింగు మీద నడవదు, రబ్బరు ముక్క మీద నడుస్తుంది. ప్రతి గుంతా నేరుగా వెన్నెముకకు తగులుతుంది. మలుపులో అలా తగిలితే వెనక టైరు ఒక్కసారిగా పట్టు వదిలేయవచ్చు.

నేలకు ఉన్న ఎత్తూ తగ్గుతుంది. 2018 తర్వాతి స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన ఊళ్లలో ఎవరికి వారు పోసిన దిమ్మెలు ఈ కొలతలు పాటించవని అందరికీ తెలుసు. వెనక సీటు కింద పెట్రోలు ట్యాంకు, ఆ వెనక సైలెన్సరు ఉంటాయి.

ఇక్కడి దాకా నష్టం కారు యజమానిది. ఇప్పుడు చెప్పేది ఎదురొచ్చే వాళ్లది. ఈ వ్యాసంలో నాకు ముఖ్యమనిపించే విషయం ఇదే.

వెనక దిగితే ముందు భాగం పైకి చూస్తుంది. దాంతోపాటే హెడ్‌లైట్లు కూడా. స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. వెనక 40 మిల్లీమీటర్లు దిగితే కారు దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది. ఒక డిగ్రీ ఏపాటిది అనిపించవచ్చు. కానీ డిమ్ లైటును మామూలుగా 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగేలా అమరుస్తారు. ఆ వాలు వల్ల అదే 10 మీటర్లకు కాంతి 16 సెంటీమీటర్లు లేస్తుంది. అంటే దిగవలసిన కాంతి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. వంద మీటర్ల దూరానికి దాని పై అంచు నేల నుంచి సుమారు మీటరూ పావు ఎత్తుకు చేరుతుంది. ఎదురొచ్చే కారు డ్రైవరు కళ్లు ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే. ఇతను డిమ్ వేశాననే అనుకుంటాడు, అతనికి రోడ్డు కనపడదు.

చాలా కార్లలో హెడ్‌లైట్ల వాలు సర్దే చిన్న చక్రం డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది. వెనక బరువు ఎక్కినప్పుడు కాంతిని దించడానికి దాన్ని పెట్టారు. దింపిన కారులో ఖాళీగా ఉన్నప్పుడే దాన్ని వాడేస్తే, మనుషులు ఎక్కాక దించడానికి ఇంకేమీ మిగలదు.

బ్రేకుల సంగతీ ఉంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును పట్టి వదిలే ఏర్పాటు) తప్పనిసరి అయింది. అంతకు ముందటి కొన్ని కార్లలో బాడీకీ వెనక దూలానికీ మధ్య దూరాన్ని బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు ఉండేది. దూరం తగ్గితే కారు నిండుగా ఉందని లెక్క, కాబట్టి ఒత్తిడి పెంచుతుంది. అలాంటి కారును దింపితే, ఖాళీగా ఉన్నా అది నిండుగా ఉన్నట్టే పనిచేస్తుంది. వాన పడ్డ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందే బిగుసుకుని కారు పక్కకు తిరిగిపోతుంది.

లాభమేమీ లేదా? ఉంది, కొద్దిగా. బరువు కేంద్రం కిందికి దిగితే మలుపులో కారు తక్కువ ఒరుగుతుంది. కానీ వెనక ఒక్కటే 40 మిల్లీమీటర్లు దింపితే ఆ కేంద్రం దిగేది 16 మిల్లీమీటర్లే. అర మీటరు పైనున్న కేంద్రానికి అది మూడు శాతం. రేసు కార్ల వాళ్లు దింపేటప్పుడు నాలుగు చక్రాలనూ దింపుతారు, తగిన షాక్ అబ్జార్బర్లు వేస్తారు, వెనక సీట్లే తీసేస్తారు. జర్మనీలో ఇలాంటి స్ప్రింగులు పరీక్షా పత్రంతో వస్తాయి. బిగించాక తనిఖీ చేయించి కారు కాగితాల్లో రాయిస్తారు.

మన దగ్గర 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది.

ఇప్పటికే దింపించిన వాళ్లు కనీసం ఒక పని చేయండి. వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీ నింపి, రాత్రి పూట కారును గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి డిమ్ లైటు వేయండి. గోడ మీద కాంతి పై అంచు హెడ్‌లైటు ఎత్తును దాటితే, పాత స్ప్రింగులు తిరిగి వేయించే దాకా ఆ కారును రాత్రి పూట తీయకండి.