ఇంటి పాటకో మైకు

లాలిపాటలూ, మంగళహారతులూ, అప్పగింతల పాటలూ చాలా ఇళ్లలో కాగితం ఎక్కలేదు. పెద్దవాళ్ల గొంతులోనే ఉన్నాయి. ఎనభై దాటిన మా మేనత్తకు వచ్చిన అప్పగింతల పాట మా వంశంలో మరొకరికి రాదు.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేయడానికి లండను నుంచి గ్రామఫోను కంపెనీ మనుషులు రావలసివచ్చింది. ఈనాడు ఆ పని నక్కపల్లిలో మా వెనక గదిలోనే అవుతోంది. మరి ఏ మైకు కొనాలి?

మైకుల్లో ముఖ్యంగా రెండు రకాలు. కండెన్సరు మైకు చెవి మహా చురుకు. ఊపిరి సైతం పట్టేస్తుంది. దానితోపాటే లారీ హారనూ, కుక్కరు ఈలా! డైనమిక్ మైకు కొంచెం మందం; దగ్గరగా పాడినదే బాగా వింటుంది. మాలాగా హైవే పక్కన కాపురమున్నవారికి ఆ మందమే మేలు.

ఇంటర్‌ఫేసు అంటే, మైకు పంపే సన్నని విద్యుత్తును పెంచి, అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించే చిన్న పెట్టె. పాడేది ఒక్కరైతే ఒక మైకు పట్టేది చాలు. పక్కన హార్మోనియం ఉంటే రెండు పట్టేది తీసుకోండి. కండెన్సరు కొంటే, ఆ పెట్టె 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇస్తుందో లేదో ముందే అడగండి. యు.ఎస్.బి. మైకైతే పెట్టెతో పనిలేదు, ఖర్చూ తగ్గుతుంది. కాని రేపు రెండో మైకు కలపాలంటే చిక్కే.

ఏది కొన్నా, ఫ్యాను ఆపి, బోసి గోడలకు బొంతలు వేలాడదీయండి. డైనమిక్ మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త వారగా ఉంచండి.

ధరలు తగ్గుతాయని ఏళ్లు గడపకండి. మైకు వచ్చే ఏడూ దొరుకుతుంది, పాడేవారు దొరకాలిగా!